తినడం మానేసిన బిడ్డ, వంటింట్లోంచి కదలడం లేదు

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా ఆయన ఆటో నడుపుతారు. పెద్దమ్మాయికి 17 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. చిన్నోడికి 13. పోయినేడు ఎవరో "దొడ్డుగున్నవ్" అన్నారని అమ్మాయి అన్నం తగ్గించింది, మంచిదే కదా అనుకున్నాం. తర్వాత మంగళవారం, శనివారం ఒక్కపొద్దు అంది, ఇప్పుడు గురువారం కూడా కలిసింది. దసరాకి ఇంటికొస్తే చూశాను, భుజాల ఎముకలు తేలాయి. నాలుగు నెలల నుంచి నెలసరి లేదు. ఎండలో కూడా స్వెట్టర్ వేసుకుంటుంది, జుట్టు ఊడుతోంది. రోజంతా వంటల వీడియోలే చూస్తుంది, మాకందరికీ తనే వండి మేం తినేదాకా పక్కనే నిలబడుతుంది, తను మాత్రం ముద్ద ముట్టదు. బలవంతంగా తినిపిస్తే బాత్రూంలోకి పోయి నల్లా తిప్పుకుంటుంది. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ టానిక్ ఇచ్చి రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించాడు. అత్తమ్మ దిష్టి అంటుంది, అమావాస్యకి చెరువుగట్టు గుడికి తీసుకుపోయి వచ్చింది. మా ఆయన ఇది మొండితనం, రెండు తగిలిస్తే దారికొస్తుందంటారు. ఊరి పిల్లల బరువులన్నీ చూసేదాన్ని, నా బిడ్డ విషయంలో ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఒక్క పని చేయండి, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. రేపే బిడ్డని నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పండగ అయ్యాక, పరీక్షలు అయ్యాక అని వాయిదా వేయొద్దు. ఉత్తరం చూసి రోగం ఇదేనని తేల్చడం ఎవరి తరమూ కాదు, ఆ పని డాక్టరుదే, కానీ మీరు రాసిన గుర్తులన్నీ అనోరెక్సియా నెర్వోసా అనే జబ్బు వైపే చూపిస్తున్నాయి, మానసిక జబ్బుల్లో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఇది ముందు వరుసలో ఉంటుంది. నాలుగు నెలలుగా నెలసరి ఆగిపోయి ఎండలో కూడా చలేస్తోందంటే, లోపలికి వచ్చే తిండి చాలక శరీరం ఒక్కో పనీ ఆపుకుంటూ వస్తోందన్నమాట. ముందు జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించండి, ఆ తర్వాత అక్కడే మానసిక వైద్య విభాగంలో కూడా చూపించండి. రెండూ కావాలి, ఒకటి చాలదు.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏడాది కింద బరువెంత, ఇప్పుడెంత, నెలసరి ఎప్పుడు ఆగింది, పొద్దుట్నుంచి రాత్రిదాకా నిజంగా ఏం తింటోంది, వాంతి చేసుకుంటోందని అనుమానం ఉందా, కళ్లు తిరిగి ఎప్పుడైనా పడిందా. ఏ ఓపీలోనైనా డాక్టరుకి తీరిక తక్కువ, అదీగాక మన దగ్గర బక్కగా ఉన్న ఆడపిల్లని చూడగానే ఎవరికైనా ముందు రక్తహీనతే తడుతుంది. అది తప్పని కాదు, తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది. కానీ "మంచిగ తినిపించమ్మా" అని ఐరన్ గోలీలు రాసి పంపిస్తే మీ బిడ్డ జబ్బు అక్కడే ఉండిపోతుంది. అందుకని నోరు తెరిచి చెప్పండి: "సార్, ఇంట్లో తిండి ఉంది, తను లావవుతానని భయపడి తినడం లేదు." ఈ ఒక్క మాటతో డాక్టరు ఆలోచించే తీరే మారిపోతుంది. పల్స్, టెంపరేచర్, పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి బీపీ, ఈసీజీ, రక్తంలో షుగర్, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం చూడమని అడగండి. నెలసరి ఆగింది కాబట్టి గర్భం పరీక్ష కూడా చేయొచ్చు, అది ఎవరికైనా చేసేదే, మనసులో పెట్టుకోకండి. ఇంకో సంగతి, రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా "ఏం లేదంట" అని ఇంటికి వచ్చేయొద్దు. చాలామందికి ప్రమాదం అంచుదాకా వెళ్లినా రక్తపరీక్షలు మామూలుగానే కనిపిస్తాయి.

కళ్లు తిరిగి పడిపోయినా, మెలకువగా కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తక్కువ కొట్టుకున్నా, ఛాతీలో నొప్పి లేదా గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం పడినా, మంచినీళ్లు కూడా వద్దన్నా, "నేను చచ్చిపోతే బాగుండు" లాంటి మాట అన్నా, ఓపీ టైము కోసం చూడకుండా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి. ఆమె వద్దని ఏడ్చినా సరే.

గ్లూకోజ్ బాటిల్ సంగతి గట్టిగా చెప్పాలి. ఇక మీదట ఊళ్లో ఎక్కించనివ్వొద్దు. ఎందుకో మీకు మిగతా తల్లులకన్నా తేలిగ్గా అర్థమవుతుంది. మీ సెంటర్ నుంచి బాగా బరువు తక్కువున్న పిల్లల్ని ఎన్‌ఆర్‌సికి (పోషకాహార పునరావాస కేంద్రానికి) పంపినప్పుడు అక్కడ మొదటి రోజే కడుపు నిండా పెట్టరు కదా, ముందు ఎఫ్-75 పాలు కొంచెం కొంచెం, బిడ్డ కుదుటపడ్డాకే ఎఫ్-100. చాలాకాలం ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా చక్కెర, పిండి పదార్థం వెళ్తే రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి గుండె లయ తప్పుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. 17 ఏళ్ల పిల్లకీ సూత్రం అదే. కాబట్టి మొదటి వారం, పది రోజులు ఎంత పెట్టాలి, ఎంతెంత పెంచాలి అన్నది డాక్టరు చెప్పాలి. అవసరమైతే ఆసుపత్రిలో ఉంచుతామంటారు, ఒప్పుకోండి.

ఇక మీరు విచిత్రం అనుకున్న సంగతికి వస్తాను, నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది. తినని పిల్ల వంటలు ఎందుకు చూస్తుంది, అందరికీ ఎందుకు వండుతుంది? రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పిన యువకుల్లోంచి ఆరోగ్యంగా, మనసు స్థిమితంగా ఉన్న 36 మందిని ఎంచుకుని 1945లో ఆరు నెలల పాటు వాళ్ల తిండి దాదాపు సగానికి, అంటే రోజుకి సుమారు 1,600 క్యాలరీలకి తగ్గించారు. బహుశా మీ బిడ్డ ఇప్పుడు అంతకన్నా తక్కువే తింటోంది. వాళ్లలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు, అద్దం గొడవ లేదు, అయినా బరువులో నాలుగో వంతు పోయేసరికి వాళ్లు వంటల పుస్తకాలు కొనుక్కుని చదవడం మొదలుపెట్టారు, కలలో తిండి, మాటల్లో తిండి, ప్లేటులో ఉన్న కాస్త తిండినీ చిన్నచిన్న ముక్కలు చేసి గంటలకొద్దీ తిన్నారు, ఎండాకాలంలో చలి అన్నారు, స్నేహితులకి దూరమయ్యారు, చిన్నమాటకే విరుచుకుపడ్డారు, దిగులులో కూరుకుపోయారు. తిరిగి తిండి పెట్టడం మొదలయ్యాక కూడా ఒకతను గొడ్డలితో తన వేళ్లే నరుక్కున్నాడు, కొందరు ఎంత తిన్నా తృప్తి లేక నెలల తరబడి ఇబ్బంది పడ్డారు.

చూశారా, మీ ఇంట్లో జరుగుతున్నది అదే. మీరు చూస్తున్న కోపం, ముడుచుకుపోవడం, వంటల వీడియోలు, మీ కంచం వైపు ఆ చూపు, వీటిలో చాలా భాగం మీ బిడ్డ స్వభావం కాదు, ఆకలి చేస్తున్న పని. ఆకలి మెదడుని మార్చేస్తుంది, మారిన మెదడు తిండిని చూసి ఇంకా భయపడుతుంది, ఆ భయంతో ఇంకా తక్కువ తింటుంది. ఈ గిరగిరలో మంచిమాటలతో నచ్చజెప్పడం పనిచేయదు, ఎందుకంటే వినాల్సిన మెదడుకే తిండి అందడం లేదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే, ముందు అన్నం, తర్వాత కారణాలు. ఎవరు ఏమన్నారు, ఎందుకు మొదలైంది, మనసులో ఏముంది అన్న మాటలన్నీ బరువు కొంత తిరిగొచ్చాక మాట్లాడుకోవచ్చు, అప్పుడు తనే మాట్లాడుతుంది. కౌన్సెలింగ్ వద్దని అనడం లేదు, అది కూడా మొదలుపెట్టండి, కానీ వారానికోసారి కౌన్సెలింగ్ జరుగుతోంది కదా అని ఇంట్లో తిండి సంగతి వదిలేస్తే లాభం లేదు.

మీ ఆయనకి ఈ భాగం చదివి వినిపించండి. అన్నా, మీరు బాధతోనే ఆ మాట అంటున్నారని నాకు తెలుసు, కష్టపడి సంపాదించి పెట్టిన అన్నం బిడ్డ తోసేస్తుంటే ఏ తండ్రికైనా కడుపు మండుతుంది. కానీ పాముని చూసి గడపలో నిలబడిపోయిన పిల్లని కొట్టి లోపలికి నెడతామా? ఆమెకి ఆ అన్నం కంచం అలాగే కనిపిస్తోంది. ఒక్క దెబ్బ పడిందంటే రేపట్నుంచి తినడం మొదలుపెట్టదు, దాచడం మొదలుపెడుతుంది, మీకు నిజం చెప్పే ఒక్క దారీ మూసుకుపోతుంది. ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు, హైదరాబాద్ నేర్పిన షోకు అని కూడా అనుకోవద్దు. లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు, పారిస్‌లో లసేగ్ అనే డాక్టరు 1873లోనే ఇలాంటి ఆడపిల్లల గురించి రాశారు. పుట్టుకతో వచ్చే గుణం, జన్యువులు, ప్రతిదీ పద్ధతిగా చేయాలనే తత్వం, పరీక్షల టెన్షన్, హాస్టల్లో ఒంటరితనం, ఎవరో అన్న ఒక మాట, ఇన్ని కలిస్తే వస్తుంది. ఒకప్పుడు తల్లిదండ్రుల పెంపకమే దీనికి కారణమని డాక్టర్లు కూడా అనేవాళ్లు, ఆ మాట ఇప్పుడు అనడం లేదు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో మొదలైన పద్ధతిలో ఈ వయసు పిల్లలకి తిండి పెట్టే బాధ్యత అమ్మానాన్నల చేతికే ఇస్తారు, పిల్లల విషయంలో ఇప్పటిదాకా బాగా నిలబడిన వైద్యం అదే. అంటే మందు మీ ఇద్దరి దగ్గరే ఉంది, కాకపోతే ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ తినమంటుంటే నాన్న "ఇవ్వాల్టికి వదిలెయ్" అన్నాడంటే ఆ పూట పోయినట్టే.

ఇంట్లో ఎలా చేయాలో చెప్తాను. డాక్టరు సరేనన్నాక రోజుకి మూడు పూటలు అన్నం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, దాదాపు మూడు గంటలకోసారి, ఆకలి వేసినా వేయకపోయినా. కంచంలో వడ్డించేది మీరే, ఎంత అనేది నిర్ణయించేది మీరే. కొన్నాళ్లు ఆమెని వంటింట్లోకి రానివ్వొద్దు, ఈ మాట కఠినంగా ఉంటుంది కానీ నూనె తగ్గించడం, తూచి వేయడం, అందరికీ పెట్టి తను తప్పించుకోవడం అక్కడే జరుగుతుంది. ప్రత్యేకమైన డైటు అక్కర్లేదు, ప్రొటీన్ పౌడర్లు అసలే అక్కర్లేదు. మీరు తినేదే పెట్టండి, కాస్త చిక్కగా పెట్టండి: జొన్నరొట్టె మీద నెయ్యి, పప్పన్నం, గుడ్డు, గట్టి పెరుగన్నం, సర్వపిండి, పల్లీపట్టి, నువ్వుల ముద్ద, ఇంట్లో ఉంటే మలీద. పచ్చిపులుసు, మజ్జిగ, అంబలితో కడుపు నింపేసుకునే తెలివి ఈ జబ్బుకి ఉంది, అవి పక్కన ఉండొచ్చు గానీ వాటితోనే పూట గడవకూడదు. తిరిగి కోలుకునే ఒంటికి మీకూ నాకూ కావాల్సిన దానికన్నా ఎక్కువ కావాలి, అంత ఎక్కువ పెడుతున్నానా అని మీకే భయమేస్తుంది.

ఆమె ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి, మీరూ తినండి. వాదించొద్దు, బతిమాలొద్దు, "ఇది తింటే ఫోన్ కొనిస్తా" వద్దు, "నీ కోసం నేను ఏడుస్తున్న" కూడా వద్దు. "నన్ను దొడ్డుగ చేయాలనే చూస్తున్నవ్" అంటుంది. "నీకు భయమైతుందని నాకు ఎరికే బిడ్డా, నేను పక్కనే కూసున్న, ఈ ముద్ద తిను" అనండి. మళ్లీ అంటుంది, మళ్లీ అదే గొంతుతో అదే అనండి. కంచం విసరొచ్చు, నువ్వంటే అసహ్యం అనొచ్చు. ఇంకో కంచం పెట్టండి. మొదటి రెండు మూడు వారాలు ఇల్లు నరకంలా ఉంటుంది, కడుపు ఉబ్బరం, మలబద్ధకం నిజంగానే ఉంటాయి, చాన్నాళ్లు ఖాళీగా ఉన్న కడుపు నెమ్మదిగానే కదులుతుంది, అది అబద్ధం కాదు, అలాగని తిండి ఆపడానికి కారణం కూడా కాదు. తెల్లవారుజామున డాబా మీద నడకలు, గదిలో తలుపేసుకుని స్కిప్పింగులు, నిలబడే చదవడాలు ఉంటే అవన్నీ డాక్టరు చెప్పేదాకా బంద్.

నల్లా చప్పుడు గురించి. వాంతి చప్పుడు వినపడకుండా తిప్పుతోందేమోనన్న మీ అనుమానం సబబే. అలా చేసుకునేవాళ్లకి చెవుల కింద దవడలు వాచినట్టు కనిపిస్తాయి, చేతి కణుపుల మీద పళ్లు తగిలిన గాట్లు ఉంటాయి, పళ్లు అరిగిపోతాయి. ఇక్కడే మన జిల్లాలో ఒక చిక్కుంది. మునుగోడు, మర్రిగూడ వైపు పళ్లు పాడైతే ఫ్లోరైడ్ నీళ్లు అనేసుకుని ఊరుకుంటాం. ఫ్లోరైడ్ మచ్చలు బయటికి కనిపించే వైపు తెల్లగా, గోధుమరంగుగా చారలు కడతాయి, చిన్నప్పట్నుంచీ ఉంటాయి. వాంతిలో వచ్చే ఆసిడ్ మాత్రం ఎక్కువగా పైవరుస ముందుపళ్ల లోపలివైపుని అరగదీస్తుంది, చల్లనిది తగిలితే జివ్వుమంటుంది. పళ్ల డాక్టరుకి చూపించినప్పుడు లోపలివైపు చూడమనండి. వాంతి అయిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడ్డ పన్ను ఇంకా అరుగుతుంది, నీళ్లలో కొంచెం వంటసోడా కలిపి పుక్కిలించి, ఓ గంట ఆగి బ్రష్ చేసుకోమని చెప్పండి. పళ్లకన్నా పెద్ద భయం పొటాషియం, మాటిమాటికీ వాంతులతో అది పడిపోతే గుండె ఉన్నట్టుండి లయ తప్పుతుంది. తిన్నాక గంటసేపు ఎవరో ఒకరు ఆమెతోనే ఉండండి, కాపలా కాస్తున్నట్టు కాకుండా టీవీ చూస్తూనో, అష్టాచమ్మా ఆడుతూనో. బాత్రూంకి వెళ్లాలంటే తినడానికి ముందే వెళ్లిరమ్మనండి. విరేచనాల గోలీలు దాచుకుందేమో బ్యాగులో ఒకసారి చూడండి, దొరికితే గొడవ చేయకుండా డాక్టరుకి చెప్పండి. వాటివల్ల తిన్నది బయటికి పోదు, అప్పటికే చిన్నపేగు దాన్ని లోపలికి తీసేసుకుని ఉంటుంది, పోయేది నీళ్లూ ఉప్పూ.

అత్తమ్మని పక్కన పెట్టకండి. ఆవిడకి మనవరాలంటే ప్రాణం కాబట్టే చెరువుగట్టు దాకా మోసుకెళ్లింది. మొక్కు మొక్కుకోనివ్వండి, దిష్టి తీయనివ్వండి, ఆసుపత్రి తేదీ తప్పకుండా ఉంటే చాలు. ఒక్కపొద్దుల విషయంలో మాత్రం ఆవిడ సాయమే కావాలి. ఈ జబ్బు భక్తి వెనక చాలా తేలిగ్గా దాక్కుంటుంది, ఒక్కపొద్దు ఉంటానన్న పిల్లని మన ఇళ్లలో ఎవరూ వద్దనరు, పైగా మెచ్చుకుంటారు. సుస్తీ చేసినవాళ్లకి, బాలింతలకి ఉపవాసం లేదన్నది మన పెద్దలు పెట్టిన మాటే, ఆ మాట నాయనమ్మ నోట వస్తే దానికుండే బరువు వేరు: "నీ మొక్కు నేను తీరుస్త బిడ్డా, నువ్వు తిను." మంగళ, గురు, శనివారాల ఒక్కపొద్దులు మూడూ ఇప్పటికి ఆపాల్సిందే, కార్తీకం కూడా.

ఇంటికొచ్చే చుట్టాలకి ముందే చెప్పి పెట్టండి, ఆమె ఒంటి గురించి ఎవరూ ఏమీ అనొద్దని. "అయ్యో బొక్కలే మిగిలినయ్" అంటే ఆమెకి గెలిచినట్టుంటుంది. రెండు నెలలు పోయాక ప్రేమగానే "ఇప్పుడు మంచిగ నిండుగ అయినవ్" అంటారు చూడండి, అది ఆమె చెవికి దొడ్డుగైనవ్ అన్నట్టే వినిపించి ఆ రాత్రి అన్నం పోతుంది. చదువు, బతుకమ్మ పాటలు, సినిమాలు, ఎన్ని మాటలు లేవు.

చదువు గురించి మీరు అడగలేదు, కానీ మనసులో అదే తిరుగుతుంటుంది. ఇప్పుడప్పుడే హాస్టల్‌కి పంపొద్దు. రోజుకి ఆరుసార్లు పక్కన కూర్చుని తినిపించేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. కాలేజీకి డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి మెడికల్ లీవు అడగండి. బోర్డు పరీక్షలు రాయగలిగితే రాస్తుంది, లేదంటే సప్లిమెంటరీ ఉంది, అదీ కాదంటే వచ్చే ఏడు ఉంది. ఆకలితో ఉన్న మెదడుకి చదివింది తలకెక్కదు, పుస్తకం ముందు కూర్చున్నంత మాత్రాన చదువుతోందని కాదు. నెలసరి ఆగి ఉన్నన్నాళ్లూ ఎముకల్లో బలం చేరాల్సిన వయసులో చేరకుండా పోతోంది, ఒక విద్యా సంవత్సరం కన్నా అది పెద్ద నష్టం.

నల్లగొండలో దారి దొరక్కపోతే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే ఊళ్లో ఏమనుకుంటారో అని గుండె ఝల్లుమంటుంది కదా. ఎవరికి ఎంత చెప్పాలో అంతే చెప్పండి, "కడుపులో బాగోలేదు, మందులు వాడుతున్నాం" అంటే చాలు, ఊరికి లెక్క చెప్పాల్సిన పని లేదు. అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలో తోచకపోతే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, ఉచితం, ఏ గంటకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దిగులుకి, భయానికి ఏమైనా మందు రాస్తే వాడండి, కానీ అనోరెక్సియాకి తిండిని మించి పనిచేసే గోలీ లేదు, అలా ఉందని అమ్మేవాళ్లని నమ్మొద్దు.

ఎన్నాళ్లంటే, నెలలు. వారాల్లో తేలే పని కాదు. బరువు పెరిగినా లోపలి భయం ఇంకొన్నాళ్లు వెనకే ఉంటుంది, బరువు చూసి "నయమైంది" అని కంచం ఆమె చేతికి తొందరపడి ఇచ్చేయొద్దు. తన కంచం తను వడ్డించుకోవడం, స్నేహితులతో బయట ఒక పూట తినడం, తర్వాత హాస్టల్, ఇలా కొంచెం కొంచెంగా వదలాలి. మళ్లీ ఒక్కపొద్దు మాట ఎత్తినా, కంచంలో ముద్దలు అటూ ఇటూ జరుపుతున్నా, "కాలేజీలోనే తినొచ్చిన" అనడం మొదలైనా రెండో నెలదాకా చూడకుండా రెండో రోజే పట్టుకోండి. ఈ వయసులో, జబ్బు మొదలై ఏడాది కాకముందే, ఇంట్లోవాళ్లు నిలబడి చేసిన వైద్యంతో పూర్తిగా కోలుకుని చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు చాలామంది ఉన్నారు.

చిన్నోణ్ణి మరిచిపోవద్దు. అక్క చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే వాడు ఒక మూలకి జరుగుతాడు. అక్కకి జబ్బు చేసింది, నువ్వు ఏం చేయడం వల్లా రాలేదు, అక్క తినేలా చేయడం నీ పని కాదు అని వాడికి విడిగా చెప్పండి. వాడి విషయంలో కూడా ఒక కన్నేసి ఉంచండి, మగపిల్లలకి ఇది రాదనుకోవడం తప్పు, వాళ్లలో అది జిమ్ము, కండలు, అన్నం బంద్ చేసి చికెన్ మాత్రమే అన్న రూపంలో వస్తుంది. అలాగే చూడ్డానికి మామూలుగా, ఇంకా చెప్పాలంటే లావుగా ఉన్న పిల్లల్లో కూడా తిండి జబ్బులుంటాయి. రాత్రిళ్లు దొంగతనంగా ఆపుకోలేనంత తినేసి ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు, తిన్నది కక్కేసేవాళ్లు, వాళ్లని తిండిపోతులని తిడతాం గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లం.

మీరు అంగన్‌వాడీ టీచర్ కాబట్టి ఒక కోరిక. కిశోర బాలికలకి ఐరన్ గోలీలు ఇచ్చేటప్పుడు హిమోగ్లోబిన్ గురించి ఎలాగూ చెప్తారు, ఆ పక్కనే ఇది కూడా చెప్పండి. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో మొదటిసారి టీవీ వచ్చింది. అంతవరకూ అక్కడ ఒళ్లు నిండుగా ఉండటమే అందం, సన్నబడితే ఇంట్లో సరిగా చూసుకోవడం లేదేమోనని దిగులుపడేవాళ్లు. మూడేళ్లయ్యాక, 1998లో, ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం వెళ్లి చూస్తే స్కూలు ఆడపిల్లల్లో సన్నబడటానికి వాంతి చేసుకునేవాళ్లు కనిపించారు. మన ఊళ్లల్లో ఇప్పుడు ప్రతి చేతిలోనూ అంతకన్నా చిన్న టీవీ ఉంది, పొద్దస్తమానం నడుము కొలతలు చూపిస్తుంది, దానికి తోడు పెళ్లిచూపుల మాటలు మనం కలుపుతాం. పిల్ల ఉన్నట్టుండి అన్నం మానేస్తే, చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చోనంటే, నెలసరి ఆగిపోతే, సన్నబడిందని మెచ్చుకునే ముందు ఆ ఇంటి తల్లిని ఒకసారి పక్కకి పిలవండి, మీరైతే ఆ ఇంట్లోకి వెళ్లి అడగగలరు.

చివరగా మీ గురించి. రోజూ ఆరుసార్లు కంచం ముందు కూర్చోవడం ఒక్క మనిషి మోసే పని కాదు. సూపర్‌వైజర్‌తో మాట్లాడి కొన్నాళ్లు సెలవు పెట్టగలరేమో చూడండి, కుదరకపోతే మధ్యాహ్నం పూట నాయనమ్మ, సాయంత్రం చిరుతిండికి మీ ఆయన ఆటో ఆపి ఇంటికి రావడం, ఇలా పూటలు పంచుకుని ఈ రాత్రే గోడమీద రాసిపెట్టుకోండి. ఎవరి పూట వాళ్లదే, కానీ మాట మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి. ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరు ఏమన్నారో, పల్స్ ఎంతుందో, వాంతుల సంగతి తేలిందో లేదో నాకు మళ్లీ రాయండి, దాన్ని బట్టి మీ బిడ్డకి తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం.